చిన్నప్పటి ఎదురుచూపు కాన్వాసు మీదికి: మొదటి అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్ వేసే పద్ధతి

మొదటిసారి అబ్‌స్ట్రాక్ట్ వేయాలని కూర్చున్నవాళ్లు రెండు రకాలుగా దారి తప్పుతారు. కొందరు ఉన్న రంగులన్నీ ఒకేసారి పిండి కలిపేస్తారు. అరగంటకల్లా కాన్వాసంతా బురద రంగుకు తిరుగుతుంది. ఇంకొందరు మూలకు ఒక గుడిసె, పక్కన ఒక తాటిచెట్టు, పతంగి పట్టుకున్న పిల్లగాడిని గీసి చుట్టూ రంగులు చల్లుతారు. మొదటి దాంట్లో జ్ఞాపకమే లేదు. రెండో దాంట్లో జ్ఞాపకం ఉంది కానీ అది బొమ్మ దగ్గరే ఆగిపోయింది. చిన్నప్పటి భావాన్ని నైరూప్యంగా వేయడమంటే ఆ రోజు కంటికి కనబడింది వేయడం కాదు, ఒంటికి తెలిసింది వేయడం. ఆ భావం బరువెంత, వేడి ఎంత, వేగం ఎంత, అంచు ఎట్లాంటిది? ఈ నాలుగూ కాగితం మీద తేలాకే ట్యూబు మూత తీయాలి.

మొదటి నుంచి చివరిదాకా ఒకే ఉదాహరణ పట్టుకుని పోదాం. పాలమూరు పల్లెల్లో చాలా ఇండ్లకు తెలిసిన ఎదురుచూపు అది. అమ్మానాయినలు పనికి బొంబాయి పోయారు, పిల్లలు నాయినమ్మ దగ్గర ఉన్నారు, దసరాకు వస్తామన్న మాట పట్టుకుని పొద్దుగూకేదాకా రోడ్డు దిక్కు చూశారు. మీ భావం ఇంకొకటి కావచ్చు, పని చేసే తీరు మాత్రం ఇదే.

ఒక్క గంటను ఎంచుకోండి

‘బాల్యం’ మీద బొమ్మ వేయలేం. ‘భయం’ అన్నా చేతికి దొరకదు. వానాకాలం రాత్రి కరెంటు పోయాక, కందిలి వెలిగించేలోపు పట్టిన భయమంటే వేయొచ్చు. బాయి గట్టు మీద నిలబడి మొదటిసారి దూకే ముందు అరికాళ్లలో పుట్టిన జలదరింపు వేయొచ్చు. పీర్ల పండుగనాడు నాయిన భుజాల మీద కూర్చుని కింద తిరిగే జనాన్ని చూసినప్పటి సంబరం వేయొచ్చు. భావం ఒక గంటలోకి, ఒక చోటులోకి కుదించుకుంటేనే పని నడుస్తుంది.

మొదటి బొమ్మకు మరీ పెద్ద దుఃఖాన్ని ముట్టుకోకండి. ఇంట్లో చావు, తిన్న దెబ్బలు, మనసులో పాతుకుపోయిన అవమానం లాంటివి తలుచుకుంటే చేయి వణుకుతుంది, రంగు మీద ధ్యాస నిలవదు. నాలుగైదు కాన్వాసులు దాటాక వాటి దగ్గరికి వెళ్లొచ్చు. వేస్తున్నప్పుడు గొంతు పూడుకుపోతే బ్రష్షు కడిగి పక్కన పెట్టి, ఆ రోజుకు లేచిపోండి. కాన్వాసు ఎటూ పోదు.

ఇప్పుడు ఒక తెల్లకాగితం మీద పది నిమిషాలు రాయండి. వస్తువుల పేర్లు వద్దు, ఒంటికి తెలిసినవే రాయండి. మన ఉదాహరణకు ఇట్లా వస్తుంది:

బరువు: మెడ వెనుక. ఒక్క దిక్కే చూసి చూసి పట్టేసినట్టు.
వేడి: పొద్దు గూకినా బండలో మిగిలి ఉన్న వెచ్చదనం.
వేగం: చాలా నెమ్మది. నడుమ నడుమ హారన్ వినబడ్డప్పుడల్లా ఒక ఉలికిపాటు.
అంచు: దూరాన మసక, కాళ్ల దగ్గర గరుకు.

ఈ నాలుగు మాటలే బొమ్మకు పునాది. ఇప్పుడు ఒక్కోదాన్ని గీతలోకి, మచ్చలోకి మార్చాలి. మెడ మీది బరువు ఎడమ పక్కన పైనుంచి దిగే పెద్ద ముదురు ముద్ద అవుతుంది. బండ వేడి అడుగున మట్టి రంగు పొరలో ఉంటుంది. నెమ్మది కావాలంటే అడ్డంగా, ఎడమ నుంచి కుడికి లాగిన పొడుగు చారలు. ఉలికిపాట్లు ఆ చారలను కోసే పొట్టి నిలువు గీతలు, అవీ రెండో మూడో. ఎక్కువైతే ఉలికిపాటు పోయి కంచె కనబడుతుంది. దూరపు మసక కుడి అంచున ఉంటుంది.

బస్సు లేదు, రోడ్డు లేదు, పిల్లవాడు లేడు. ఏదో లోటుగా అనిపిస్తే నల్లగొండ పక్కన పానగల్లు ఛాయాసోమేశ్వరాలయాన్ని తలుచుకోండి. గర్భగుడిలో పొద్దంతా ఒక స్తంభపు నీడ కదలకుండా నిలబడి ఉంటుంది. చూసినవాళ్ల మనసులో ఉండిపోయేది ఆ నీడే. మీరు వేయాల్సింది కూడా బస్సును కాదు, బస్సు రాకపోవడం పరిచిన నీడను.

పన్నెండు చిన్న పెట్టెలు

కాగితం మీద 2 అంగుళాలు, 2.5 అంగుళాల కొలతతో పన్నెండు పెట్టెలు గీయండి. మనం తీసుకోబోయే 16×20 అంగుళాల కాన్వాసుకు ఇదే నిష్పత్తి. మెత్తటి 6బి పెన్సిల్‌తో ఒక్కో పెట్టెకు రెండు నిమిషాలు, అంతకు మించి వద్దు. మొదటి నాలుగు అందరికీ ఒకే తీరు వస్తాయి: సగానికి అడ్డగీత, పైన ఆకాశం, కింద నేల. ఐదో ఆరో పెట్టె నుంచి చేయి అలవాటు వదులుతుంది. ఎనిమిదో దాని దగ్గర చేయి మార్చి గీయండి. రాసే చేతికి బొమ్మల అలవాటు ఎక్కువ, రెండో చేతికి ఆ అలవాటు ఉండదు.

పన్నెండూ అయ్యాక ఒక్కటి ఏరుకోవాలి. కాగితాన్ని తలకిందులు చేసి చూడండి. అప్పుడు కూడా కన్ను ఒకే చోటికి పోతుంటే అది నిలబడే కూర్పు. ముక్కలన్నీ ఒకే సైజులో ఉన్నదాన్ని తీసేయండి, సరిగ్గా నడిమిట్ల రెండుగా చీలినదాన్ని కూడా. పెద్ద ఆకారం దాదాపు ఐదింట మూడు వంతులు, మధ్య సైజుది ఒకటిన్నర వంతు, మిగతాది చిన్నవాటికి అన్నట్టు ఉంటే మంచిది. మొదటి బొమ్మలు ఎక్కువగా చచ్చుబడేది రంగు వల్ల కాదు, అన్నీ సమానంగా ఉండటం వల్ల.

సామాన్లు

ఫ్రేముకు బిగించిన 16×20 అంగుళాల కాన్వాసు ఒకటి. దీనికంటే చిన్నది తీసుకుంటే చేయి మణికట్టు దగ్గరే ఆగిపోతుంది, మోచేయి కదలదు. మరీ పెద్దది తీసుకుంటే ఖాళీ చూసి భయమేస్తుంది.

అక్రిలిక్ రంగులు 40 మిల్లీలీటర్ల ట్యూబులు కొనండి: టైటానియం వైట్ రెండు, బర్న్ట్ సియెన్నా ఒకటి, అల్ట్రామెరైన్ బ్లూ ఒకటి, యెల్లో ఓకర్ ఒకటి. వెచ్చటి పసుపు ఒక చిన్న ట్యూబు. నలుపు కొనకండి, ఎందుకో కింద చెప్తాం. జెస్సో, అంటే రంగు పట్టడానికి కాన్వాసుకు ముందుగా వేసే తెల్లటి పూత, 100 మిల్లీలీటర్లు. అక్రిలిక్ మీడియం, అంటే రంగు కలపని అక్రిలిక్ జిగురు, 100 మిల్లీలీటర్లు. రంగుల దుకాణంలో గోడలకు వాడే రెండంగుళాల బ్రష్షు, ఒక అంగుళం ఫ్లాట్ బ్రష్షు, ఒక సన్న రౌండ్ బ్రష్షు. 220 నంబరు గరుకు కాగితం. పాత ఏటీఎం కార్డు, గోనెసంచి ముక్క, నాలుగు చీపురు పుల్లలు, పాత నూలు ధోవతి, నీళ్లు చిమ్మే సీసా ఇంట్లోనే దొరుకుతాయి.

ఎనామిల్ పెయింటు మాత్రం వద్దు. దాని మీద అక్రిలిక్ నిలబడదు, కొన్నాళ్లకు పొట్టులా లేస్తుంది. నీళ్ల విషయం కూడా చూసుకోండి. ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్లతో పల్చటి పొర వేస్తే ఆరాక తెల్లటి మరకలు తేలుతాయి, ముదురు రంగు మీద మరీ ఎక్కువ. తాగే ఫిల్టరు నీళ్లు ఒక లీటరు పక్కన పెట్టుకుంటే చాలు.

మూడు రంగుల లెక్క

పుట్టపాకలో నేసే తేలియా రుమాలును ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని చూడండి. ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడింటితోనే ఆ గుడ్డ నిండుగా ఉంటుంది. మొదటి కాన్వాసుకు అదే క్రమశిక్షణ పెట్టుకోండి: ఒక వెచ్చటి రంగు, ఒక చల్లటి రంగు, ఒక తోడు రంగు, వాటితో తెలుపు. మనకు బర్న్ట్ సియెన్నా వెచ్చన, అల్ట్రామెరైన్ చల్లన, ఓకర్ తోడు. పసుపు ట్యూబును చివరి చుక్క కోసం దాచిపెట్టాలి.

పొద్దుగూకినంక వచ్చే చీకటి రంగు: అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా సమపాళ్లలో. నల్లగానే కనబడుతుంది కానీ తెలుపు కొద్దిగా కలపగానే లోపలి నీలమో గోధుమో బయటపడుతుంది. ట్యూబు నలుపులో ఈ ప్రాణం ఉండదు, అందుకే కొనొద్దన్నది. చెలక నేల: సియెన్నా రెండు పాళ్లు, ఓకర్ ఒక పాలు, తెలుపు అర పాలు. దూరపు మసక: తెలుపు నాలుగు పాళ్లు, చీకటి రంగు అర పాలు, ఓకర్ చెంచా కొసంత.

కలిపిన ప్రతి రంగునూ కాగితం ముక్క మీద పూసి, ఆరాక చూడండి. అక్రిలిక్ తడిగా ఉన్నప్పటికంటే ఆరాక ఒక మెట్టు ముదురుతుంది. రంగును పట్టి ఉంచే జిగురు తడిలో పాలలా తెల్లగా ఉంటుంది, ఆరితే గాజులా పారదర్శకమవుతుంది. ఈ సంగతి తెలియక ‘నిన్న వేసింది ఇది కాదు’ అని మళ్లీ మళ్లీ పూసేవాళ్లు చాలామంది.

చెలక మట్టితో సొంత రంగు

ఇది తప్పనిసరి కాదు. కానీ మీరు తిరిగిన నేల మీ బొమ్మలో ఉండాలనుకుంటే ఇంతకంటే దగ్గరి దారి లేదు. మన దక్షిణ తెలంగాణ చెలకలు గ్రానైటు బండలు అరిగి అయిన ఎర్రమట్టి నేలలు. ఆ ఎరుపు ఇనుము తుప్పుది. అందుకే అది ఎండకు వెలవదు.

రెండు దోసిళ్ల మట్టిని బకెట్టు నీళ్లలో వేసి బాగా కలపండి. ఒక నిమిషం ఆగండి. ఇసుక, రాళ్లు అడుగుకు పోతాయి. పైనున్న ఎర్రనీళ్లను పల్చటి గుడ్డలోంచి ఇంకో గిన్నెలోకి వంచండి. ఆకులు, వేళ్లు గుడ్డలో ఆగిపోతాయి. రాత్రంతా కదపకుండా ఉంచితే పొద్దున్నకు పైన తేట, కింద వెన్నలాంటి మట్టి. తేట పారబోసి ఇదే పని ఇంకో రెండుసార్లు చేస్తే మట్టిలోని ఉప్పు కూడా పోతుంది. స్టీలు పళ్లెంలో పల్చగా పరిచి ఎండబెట్టండి. ఎండి పెచ్చులైనదాన్ని రోట్లో మెత్తగా నూరాలి. వేళ్ల నడుమ రుద్దితే గరుకు తగలకూడదు, చెంపకు రాసుకునే పౌడరులా జారాలి. ముక్కుకు గుడ్డ కట్టుకుని నూరండి.

ఈ పొడి ఒక పాలు, అక్రిలిక్ మీడియం రెండు పాళ్లు. ముందు పొడిని రెండు చుక్కల నీళ్లతో ముద్ద చేసి, తర్వాత మీడియం కలపాలి. పొడి నేరుగా వేస్తే ఉండలు కడుతుంది. ఆరాక వేలితో రుద్దితే పొడి అంటుతోందా? మీడియం తక్కువైనట్టు.

పసుపు, కుంకుమ, బతుకమ్మకు గునుగు పువ్వును అద్దే రంగులు కూడా వాడాలనిపిస్తుంది. వద్దు. వంటింటి పసుపు వెలుతురులో వారాల్లోనే పాలిపోతుంది, మిగతావాటికీ భరోసా లేదు. తంగేడు పసుపు కావాలంటే ట్యూబులోని వెచ్చటి పసుపే నమ్మకం.

మొదటి కూర్చోవడం: అడుగు పొర

కాన్వాసు మీద ఒక నీటి చుక్క వేయండి. వెంటనే ఇంకిపోతే జెస్సో లేనట్టు. ఉబ్బి నిలబడితే ఇప్పటికే ఉన్నట్టు, అయినా ఒక పూత వేస్తే మేలు. మొదటి పూత అడ్డంగా, ఆరాక గరుకు కాగితంతో మెల్లగా రుద్ది, రెండోది నిలువుగా. నడుమ గంట వ్యవధి, ఎండాకాలమైతే అరగంట.

తెల్లటి కాన్వాసు మీద నేరుగా మొదలుపెడితే ప్రతి రంగూ ఉన్నదానికంటే ముదురుగా కనబడి చేయి వెనకాడుతుంది. అందుకే చెలక రంగును, లేదా సియెన్నాను మూడు పాళ్లకు ఒక పాలు నీళ్లతో పల్చన చేసి, రెండంగుళాల బ్రష్షుతో మొత్తం పూయండి. ఇంట్లో గోడ అడుగున జాజు పూసిన తీరుగా, కొన్నిచోట్ల మందం, కొన్నిచోట్ల పల్చన, పర్వాలేదు. నీళ్లు మరీ ఎక్కువైతే జిగురు చెదిరిపోయి, తర్వాతి పొర వేసేటప్పుడు కిందిది తడికి లేస్తుంది. ఆ రోజుకు ఇంతే. రాత్రంతా ఆరనివ్వండి.

రెండో కూర్చోవడం: పెద్ద ఆకారాలు, గరుకు

పొద్దున ఆరు నుంచి తొమ్మిది మంచి సమయం. నల్లగొండ, పాలమూరు ఎండల్లో మధ్యాహ్నం ఫ్యాను కింద కూర్చుంటే పళ్లెంలోని రంగు నిమిషాల్లో తోలు కడుతుంది. స్టీలు పళ్లెంలో తడిగుడ్డ పరిచి, దాని మీద బటర్ పేపరు వేసి, రంగులు ఆ కాగితం మీద పెట్టుకోండి. గంటన్నర, రెండు గంటలు మెత్తగా ఉంటాయి. ముసురు పట్టిన రోజుల్లో కష్టం ఇంకో దిక్కున ఉంటుంది. మందపు పొర పైన ఆరినట్టే ఉండి లోపల తడిగా ఉంటుంది, దాని మీద బ్రష్షు లాగితే చిరుగుతుంది.

ఏరుకున్న చిన్న పెట్టెను కళ్ల ముందు పెట్టుకుని ముందు పెద్ద ముదురు ముద్ద వేయండి. నిలబడి, భుజం నుంచి చేయి కదిలిస్తూ. తర్వాత అడ్డ చారలు. ఒక్కో చారను ఒక్క ఊపులో లాగాలి, మళ్లీ దిద్దకూడదు. దిద్దిన చారలో నెమ్మది పోతుంది, అనుమానం మిగులుతుంది. చారల నడుమ అడుగు మట్టిరంగును అక్కడక్కడ వదిలేయండి. బండలోని వేడి అక్కడినుంచే ఊపిరి పీల్చుకుంటుంది.

ఇక గరుకు. అడుగు భాగంలో రంగు మందంగా వేసి, తడి మీదే గోనెసంచి ముక్కను అద్ది నిటారుగా పైకి లాగండి. పక్కకు జరిపితే అచ్చు చెదురుతుంది. ఉలికిపాటు గీతల కోసం ఏటీఎం కార్డు అంచుతో తడి రంగును గీకితే కింది మట్టిరంగు బయటపడుతుంది. వేసి, చూసి కాదు, వేయగానే గీకాలి. నాలుగైదు నిమిషాలు దాటితే కార్డు జారుతుంది, రంగు పెచ్చులుగా ఊడుతుంది. ఇసుక కలపాలంటే కడిగి ఎండబెట్టిన సన్న ఇసుక ఒక పాలు, రంగు మూడు పాళ్లు. మందం రెండు మూడు మిల్లీమీటర్లు దాటితే ఆరేటప్పుడు పగుళ్లు వస్తాయి.

ముగించే ముందు ఫోన్‌తో ఫోటో తీసి నలుపుతెలుపుకు మార్చి చూడండి. ముదురు, నడిమి, లేత, మూడూ విడివిడిగా కనబడాలి. అంతా ఒకే బూడిద రంగైతే రంగులు ఎన్ని మార్చినా బొమ్మ లేవదు. మసక భాగంలో తెలుపు పెంచండి, ముద్దలో చీకటి పెంచండి.

మూడో కూర్చోవడం: అంచులు, పారదర్శక పొర, చుక్క

కొత్తవాళ్లు అంచులను పట్టించుకోరు. కానీ భావం తెలిసేది అక్కడే. పోచంపల్లి ఇక్కత్‌లో రంగు అంచు ఎప్పుడూ కత్తితో కోసినట్టు ఉండదు. నూలును నేయకముందే కట్టి అద్దుతారు కాబట్టి, దారాలు కొద్దిగా జరిగి అంచు వణుకుతుంది. జ్ఞాపకం అంచు కూడా అట్లాంటిదే. కుడివైపు చారల కొసల మీద మసక రంగు పల్చగా పూసి, అది ఆరకముందే తడి ధోవతి గుడ్డతో తేలిగ్గా అద్ది కరిగించండి. ఎడమన ముద్ద అంచు మాత్రం గట్టిగానే ఉండాలి. అన్ని అంచులూ మెత్తగా చేస్తే పొగ, అన్నీ గట్టిగా చేస్తే అట్టముక్కలు.

పైన ఒక పారదర్శక పొర వేయాలి. అల్ట్రామెరైన్ ఒక పాలు, మీడియం ఎనిమిది పాళ్లు. కుడివైపు పైభాగమంతా పల్చగా, ఒకే దిక్కున లాగండి. సాయంత్రం చల్లబడినట్టు మొత్తం ఒక్కసారిగా దగ్గరవుతుంది. ఆరకముందే రెండోసారి బ్రష్షు తిప్పితే చారలు, బుడగలు పడతాయి.

ఇప్పుడు దాచిన పసుపు. చిత్రకారుడు ఎస్.హెచ్. రజా (1922–2016) మధ్యప్రదేశ్ అడవి పల్లెల్లో పెరిగారు. బడిలో ధ్యాస నిలవని ఆ పిల్లవాడి కోసం పంతులు గోడ మీద ఒక చుక్క పెట్టి, దాన్నే చూడమన్నారు. దశాబ్దాల తర్వాత ఆ బిందువే ఆయన చిత్రాలకు కేంద్రమైంది. మీ చుక్క గుండ్రంగా ఉండనక్కర్లేదు. మన బొమ్మలో అది మసకలోపల, కుడి అంచుకు మూడు వేళ్ల దూరంలో, పసుపుకు తెలుపు కొంచెం కలిపి కార్డు కొసతో ఒక్కసారి అద్దిన గుర్తు. బొటనవేలి గోరంత. రెండు పెడితే అవి బస్సు లైట్లవుతాయి, అక్కడితో ఎదురుచూపు తీరిపోతుంది. ఒక్కటే పెట్టండి.

ఎప్పుడు ఆపాలి

కాన్వాసును గోడకు ఆనించి ఏడెనిమిది అడుగుల దూరం నుంచి చూడండి. తలకిందులుగా చూడండి, అద్దంలో చూడండి. మీరు మొదట రాసిన నాలుగు మాటలను పక్కన పెట్టుకుని ఒక్కోటి బొమ్మలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి. చూపించలేనిది ఉంటే ఆ ఒక్కటే సవరించాలి. ‘ఈ మూల ఖాళీగా ఉంది’ అనిపించి ఏదో నింపబోతే చేయి ఆపండి. ఎదురుచూపులో ఖాళీ ఉంటుంది.

చివర్లో ఒక బలహీన క్షణం వస్తుంది: ఎవరికీ అర్థం కాదేమోనని ఒక చిన్న ఇల్లో, మనిషి నీడో వేయాలనిపిస్తుంది. దానికి లొంగితే మిగతా చారలన్నీ ఆ బొమ్మకు వెనుక తెరగా మారిపోతాయి. అప్పటికే వేసేశారా? ఆరనిచ్చి, పక్కన ఉన్న రంగునే కలిపి దాని మీదుగా ఒక చార లాగండి. బురదగా మారిన చోటును తడి మీద బాగుచేయబోకండి. ఎంత కలిపితే అంత బురద. పూర్తిగా ఆరాక ఒకే రంగుతో కప్పి, మళ్లీ మొదలుపెట్టొచ్చు. అక్రిలిక్‌లో ఉన్న గొప్ప వెసులుబాటు అదే.

ఆరిన తర్వాత

కనీసం రెండు వారాలు దుమ్ము పడని చోట నిలబెట్టండి. ఆ తర్వాత వార్నిష్ పల్చగా రెండు పూతలు, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా, నడుమ ఒక రోజు. వెనుక పేరు, తేదీ, వాడిన రంగులు పెన్సిల్‌తో రాయండి. ముందు రాసుకున్న నాలుగు మాటల కాగితాన్ని కూడా ఒక కవరులో పెట్టి ఫ్రేముకు అంటించండి.

ఎండాకాలంలో రెండు బొమ్మలను ముఖాముఖి పెట్టి బీరువాలో కుక్కకండి. వేడికి అక్రిలిక్ మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటుంది, విడదీస్తే రెండూ పోతాయి. చుట్టాల్సి వస్తే రంగు వైపు బయటికి ఉండేట్టు, వెడల్పాటి గొట్టానికి చుట్టండి. పడమటి ఎండ తగిలే గోడకు, వానకు చెమ్మ పట్టే గోడకు తగిలించకండి. నాయినమ్మ కూర్చునే గది గోడ ఖాళీగా ఉంటే అక్కడ పెట్టి, ఏం వేశారో చెప్పకుండా ఆమె ఏం చూస్తుందో అడగండి.